ఓడినవాడి గుండు, గెలిచినవాడి చందనం

ఢిల్లీలో గవర్నమెంటు మారిపోయిందని టీవీవాళ్ళు పొద్దున పదకొండు గంటలకే తేల్చేశారు. ఇంటావిడ చిత్తూరులో కూతురి దగ్గరుండటంతో ఆ వార్త నేనొక్కణ్ణే కూర్చుని చూశాను. నేను ఓటేసిన పార్టీ చిత్తుగా ఓడింది. అలవాటు కొద్దీ ఫోను తీసుకుని బావ నెంబరు దాకా వెళ్ళి ఆగిపోయాను. మా అక్క భర్త, వడమాలపేట బావ, పోయి ఏడాదిన్నర దాటింది. ఆ నెంబరు తీసెయ్యడానికి నాకింకా మనసు రాలేదు. ఆయన పార్టీ ఇన్నాళ్ళకు గెలిస్తే, ఆ మాట వినడానికి ఆయన లేడు.

మా ఈడువాళ్ళకు నవ్వొస్తుందేమో గానీ, నాకూ బావకూ మధ్య పందెం జుట్టు. ఎవరి పార్టీకి ఢిల్లీ దక్కదో వాడు కాలినడకన తిరుమల కొండెక్కి గుండు చేయించుకోవాలి. గెలిచినవాడు మెట్టు మెట్టుకీ తోడు నడిచి, గుండయ్యాక తన చేత్తోనే చందనం రాయాలి. బావ చెరకు పండించి బెల్లం వండేవాడు. నేను తిరుపతిలో ఒక లాడ్జిలో గుమాస్తాగా కొత్తగా చేరి, పెళ్ళిచూపులకు తిరుగుతూ, ఉన్న ఒత్తు జుట్టును రోజుకు నాలుగుసార్లు దువ్వుకునే రోజులవి.

ఢిల్లీలో మొట్టమొదటిసారి గవర్నమెంటు మారిన ఆ ఎన్నికల్లో మా జిల్లా లెక్కింపు ముందుగా అయిపోయింది, నా పార్టీ గెలిచింది, చుట్టుపక్కల జిల్లాల్లోనూ అదే వరస. మన దగ్గర ఇలా ఉంటే ఢిల్లీ మాత్రం ఎక్కడికి పోతుందని నేను తొందరపడి, రేడియోలో పూర్తి వార్త వచ్చేదాకా ఆగుదామని బావ అన్నా వినకుండా, తెల్లవారుతూనే ఆయన్ని కొండెక్కించి, గుండు చేయించి, చందనం పూసి, గెలిచినవాడి దర్జాతో కిందికి దిగాను. అలిపిరి దగ్గర టీ అంగట్లో రేడియో చుట్టూ జనం మూగి ఉన్నారు. ఢిల్లీలో నా పార్టీ ఓడిపోయింది. బావ తలమీద చందనం ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆయన నన్ను ఎగతాళి చేస్తాడనుకున్నాను. పెళ్ళిచూపులు ఉన్నాయి కాబట్టి వదిలేస్తాడేమోనని కూడా లోపల ఆశపడ్డాను. ఆయన రెండూ చెయ్యలేదు. నాకు టీ ఇప్పించి, పంచె పైకి కట్టుకుని, మళ్ళీ మెట్లవైపు తిరిగాడు. నీ మోకాళ్ళు నొప్పెడతాయి, నేనొక్కణ్ణే వెళ్ళొస్తాలే బావా అన్నాను.

“ఓడిపోయినోన్ని ఒక్కన్నే కొండకి పంపకూడదబ్బా,” అన్నాడు. “పద.”

ఒకే రోజు రెండోసారి ఎక్కాం. గాలిగోపురం దగ్గర నేను కూలబడితే నా చెప్పుల సంచి కూడా ఆయనే మోశాడు. నా జుట్టు రాలుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. బెల్లం పాకం కలిపి కలిపి గరుకెక్కిన ఆ చేతులతో నా తలంతా చందనం రాసి, చివర్లో వెనక ఒక్కటి మెల్లగా తట్టి, “మొలస్తాదిలేబ్బా,” అన్నాడు. ఆ వారమే గుండుతో వెళ్ళిన పెళ్ళిచూపుల్లో కుదిరిన సంబంధమే మా ఇంటావిడ.

ఆ తర్వాత ఎన్ని ఎన్నికలొచ్చినా ఇదే తంతు, చివర్లో ఆ తట్టుడూ అదే మాటా. ఆఖరి రెండుసార్లు గుండు ఆయనదే. వచ్చేసారి నీ పని చెప్తానని నవ్వుతూ దిగాడు.

ఫలితాలొచ్చిన మూడో రోజు నేను వెళ్ళాను. పందెం ఎవరితో అని మీరడగవచ్చు, ఓడింది మాత్రం నేనే. ఆగి ఆగి ఎక్కేసరికి సాయంత్రమైంది. కల్యాణకట్టలో క్షురకుడు మొక్కా అని అడిగితే అవునన్నాను. ఓడిపోయానని చెబితే ఆయనకేం అర్థమవుతుంది? బయటికొచ్చి చందనం పొట్లం విప్పి, అరచేతిలో కలుపుకుని నేనే రాసుకున్నాను. వెనకవైపు సరిగా అందలేదు.

మా కింది వాటాలో ఉండే అన్నదమ్ములు ఈ ఎన్నికల గొడవలో ఫోన్లలో ఏదో పంపుకుని, ఇప్పుడు మెట్లమీద ఎదురుపడినా మొహాలు తిప్పుకుంటున్నారు. గెలిచినవాడు ఓడినవాడి చెప్పులు మోసిన రోజులున్నాయంటే వాళ్ళు నమ్మరేమో. నా గుండు చూసి ఎందుకని వీధిలో ఒక్కరూ అడగలేదు. ఈ ఊళ్ళో గుండు ఎవరికి వింత?

పది రోజులైంది. పొద్దున అద్దంలో చూసుకుంటే తెల్లగా, నూగులాగా కనిపించింది. మొలుస్తోంది బావా అని చెప్పాలనిపించింది.