అన్నుకు అసలు పేరు దొరికింది

మా పాప పుట్టి మూడు నెలలైంది. మా ఆయన మొదటి రోజే ‘అన్ను’ అని పిలవడంతో ద్వారకలో మా సొసైటీ అంతటికీ అన్ను అయిపోయింది. ఆ ముద్దుపేరుకు తగిన అసలు పేరే కుదరలేదు. అనన్యలు మా బ్లాకులోనే ముగ్గురున్నారు.

ఈ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి గార్డు ఫోన్ చేశాడు. "మేడమ్, అన్నపూర్ణా జీ కా చష్మా ఆయా హై." అన్నపూర్ణగారి కళ్ళజోడు వచ్చిందట.

"ఇస్ నామ్ కా యహాఁ కోయీ నహీఁ హై, భయ్యా" అని, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరని చెప్పేశాను.

వంటింట్లోంచి మా అత్తగారు, "నేనేనమ్మా" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ళజోడు తెచ్చి చేతికిస్తూ, పాపకు ఆ పేరే పెడదామన్నాను.

"వద్దులే. అత్త పేరు పెట్టుకుంటే రేపు దాన్నెలా తిడతావు?"

"తిట్టడానికి అన్ను ఉందిగా అత్తయ్యా!"

ఆవిడ నవ్వేశారు. సాయంత్రం చూస్తే, ఉయ్యాల పక్కన కూర్చుని "అన్నపూర్ణా" అని మెల్లగా పిలిచి చూసుకుంటున్నారు. పెళ్ళయిన ఆరేళ్ళలో మా ఇంట్లో ఆ పేరు ఎవరైనా పిలవగా వినడం నాకిదే మొదటిసారి.

మీ ఇంట్లో పెద్దావిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరైనా మిగిలారా?