కారుకి పెట్టిన నలుగు

మొన్న మా మనవడు కొత్త కారు కొన్నాడు. కరెంటుతో నడిచేది. స్కోఫీల్డ్స్‌లో వాళ్ళింటి ముందు ఆపి, "తాతయ్యా, కమ్ అండ్ సిట్," అన్నాడు. పాత అలవాటు కొద్దీ, ఎక్కే ముందు బానెట్ తెరవమన్నాను. తెరిచాడు. ఇంజను ఉండాల్సిన చోట ప్లాస్టిక్ తొట్టి, అందులో వాళ్ళమ్మ మార్కెట్లో కొన్న కొత్తిమీర కట్టలు రెండు ఉన్నాయి. ఆయిల్ ఎక్కడ పోస్తారురా అంటే, "దేర్ ఈజ్ నో ఆయిల్, తాతయ్యా," అన్నాడు. మరి గ్రీజో అన్నాను. వాడు నా మొహం కాసేపు చూసి, అద్దం తుడిచే నీళ్ళు పోస్తే చాలని, మిగతావన్నీ అదే చూసుకుంటుందని చెప్పాడు. కారు మెత్తగా, చప్పుడు లేకుండా పోయింది. మంచి కారే. కానీ ఎవరి చెయ్యీ పడక్కర్లేని ఆ కారుని చూస్తే, చుట్టాలెవరూ లేని పెళ్ళిలా అనిపించింది. అలా అనిపించడానికి కారణం మా అన్నయ్య కారు.

అన్నయ్య అప్పట్లో ఈ దేశంలోనే, పారమట్టా అనే ఊళ్ళో డాక్టరు. నేను అక్కడే ఒక ప్రభుత్వ ఆఫీసులో ఇంజనీరుని. తొంభైల మొదట్లో, తన కూతురి పెళ్ళి కుదరడానికి కొంచెం ముందు, అన్నయ్య పక్కింటి ముసలాయన దగ్గర ఒక పాత కారు కొన్నాడు. పాతదంటే 1920ల నాటిది. పైన గుడ్డ టాపు, పక్కన కాలు పెట్టి ఎక్కే పలక, రబ్బరు బుడ్డి నొక్కితే బాతులా అరిచే హారను. మా అమ్మ ఆ ఏడాదే ఇండియా నుంచి రావలసి ఉంది. వదిన గుమ్మంలో నిలబడి ఆ కారుని కిందికీ పైకీ చూసి, "ఇంటికి ఒక పెద్దావిడ వస్తున్నారంటే అత్తయ్యగారేమో అనుకున్నాను," అంది.

అన్నయ్య ఆ కారు ఎందుకు కొన్నాడో వదినకి తెలుసు, నాకూ తెలుసు. మా చిన్నప్పుడు గుంటూరు జిల్లాలో నాన్న ఒక మిషను ఆస్పత్రి దొరగారికి డ్రైవరు. ఆ కారు కూడా ఇలాంటిదే. శనివారం సాయంత్రం నాన్న చొక్కా విప్పి, పాత దుప్పటి పరుచుకుని దాని కిందికి దూరేవాడు. గంటా రెండు గంటలు ఆయన కాళ్ళు మాత్రమే మాకు కనిపించేవి. బయటికొచ్చాక చేతులు కిరసనాయిలుతో ఒకసారి, బూడిదతో ఒకసారి కడుక్కునేవాడు. అయినా రాత్రి అన్నంలో కొద్దిగా ఆ వాసన ఉండేది. మేము దగ్గరికి వెళితే, "చేతులు వెనక్కి," అనేవాడు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని ఎంతసేపైనా చూడొచ్చు. ముట్టుకోకూడదు. మా అన్నయ్య ఆస్పత్రిలో రోగుల మంచాల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తుంటే, అక్కడి నర్సులు అది పెద్ద డాక్టరు హుందాతనం అనుకునేవారు. నాకు మాత్రం కారు షెడ్డు గుర్తొచ్చేది. ఆదివారం దొరగారూ దొరసానీ ఆ కారులో చర్చికి వెళ్ళేవారు. నాన్న నడిపేవాడు. అమ్మా, మేమిద్దరం వెనక దుమ్ములో నడిచి వెళ్ళేవాళ్ళం. దొరగారు చెడ్డవాడు కాదు. అన్నయ్య మెడిసిన్ చదువు ఆయన చలవే. కానీ ఎక్కండి అని ఆయన అనలేదు, ఎక్కుతామని మేము అడగలేదు. అందుకే ఈ పాత కారు కొని ఇంటికి తెచ్చిన రోజే అన్నయ్య అన్నాడు: "ఒరే, ఈ కారుని ముట్టుకోవద్దని నేను ఎవ్వరితోనూ అనను."

ఆ రోజుల కార్లకి చాకిరీ చాలా ఉండేది. ఇప్పటిలా ఆర్నెల్లకోసారి గ్యారేజీలో ఇచ్చి మర్చిపోయే వ్యవహారం కాదు. చక్రాల దగ్గర, స్ప్రింగుల దగ్గర, స్టీరింగు కింద చిన్న చిన్న ఇత్తడి కప్పులుండేవి. వాటి నిండా గ్రీజు. మూత ఒక్క చుట్టు తిప్పితే ఆవగింజంత గ్రీజు లోపలికి దిగుతుంది. వారానికి ఒక్క చుట్టు. కొన్నిచోట్ల కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వెయ్యాలి. నాకు ప్రతి పనికీ ఒక వరస ఉండాలి కాబట్టి అన్నయ్య ఆ పని నాకు అప్పగించాడు. శనివారం పొద్దున్నే వెళ్ళి, ఎడమవైపు ముందు చక్రంతో మొదలుపెట్టి బండి చుట్టూ ఒకే దిక్కుగా తిరిగి, ముగించాక వదిన ఇచ్చిన కాఫీ తాగి, ఇంటికొచ్చి డైరీలో "కారు చూశాను" అని రాసుకునేవాణ్ణి. మా ఆవిడ ఆ డైరీ చదివి, వారమంతా ఇంకేమీ చూడలేదా అని అడిగేది.

అమ్మాయి పెళ్ళి కుదిరింది. చర్చి ఉన్నది అన్నయ్య వాళ్ళ వీధి చివరే. పెళ్ళికూతుర్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, నాన్న కూర్చునే చోట తను కూర్చుని, చర్చి దాకా నడపాలని అన్నయ్య కోరిక. ఆయన మరే సంగతీ పట్టించుకోలేదు. భోజనాలు, హాలు, పూలు అన్నీ వదిన మీద వదిలేసి, ఈ ఒక్కటి మాత్రం అడిగాడు. నాలుగేళ్ళ వయసులో ఈ దేశం వచ్చిన అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం మాత్రం ఇంగ్లీషే. "డాడ్, ఐ లవ్ యూ, బట్ దట్ థింగ్ హాప్స్," అంది. అది నిజమే. బయల్దేరేటప్పుడు ఆ కారు రెండు మూడు గెంతులు గెంతేది. చివరికి తండ్రీకూతుళ్ళ మధ్య ఒప్పందం జరిగింది. పెళ్ళి శనివారం. గురువారం పొద్దున ఇంటి నుంచి చర్చి దాకా గెంతకుండా నడిపి, సరిగ్గా గేటు ముందు ఆపి చూపించాలి. లేకపోతే అద్దెకి తెల్ల లిమో కారు.

ఆ గెంతుల సంగతి పక్కింటి ముసలాయన చెప్పాడు. క్లచ్చిలో తోలు పట్టీ ఉంటుంది, అది ఎండిపోతే ఒక్కసారిగా పట్టుకుంటుంది, నూనె పట్టిస్తే మెత్తబడుతుంది, ఆముదం అయినా పనికొస్తుంది అన్నాడు. అప్పటికి అమ్మ వచ్చి వారమైంది. ఆవిడ పెట్టెలో సీసాడు ఆముదం ఉంది. విమానాశ్రయంలో ఆఫీసరు మూత తీసి వాసన చూసి, వెంటనే బిగించి తిరిగిచ్చేశాడట. "తోలుకి ఆముదం కాక ఇంకేం పెడతారు? మన చెప్పులకి పెట్టలేదా?" అని అమ్మ సీసా ఇచ్చింది. పట్టించాం. మర్నాటికి గెంతులు పోయాయి. అక్కడే మావాళ్ళందరికీ ఒక నమ్మకం కుదిరిపోయింది, ఈ కారుకి నూనె ఎంత పెడితే అంత మంచిదని.

మంగళవారం నలుగు. పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళాక, అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి అమ్మ మొదట నూనె, పసుపు పెట్టింది. తర్వాత వదిన, మా ఆవిడ, వచ్చిన ఆడవాళ్ళందరూ. పెళ్ళింట్లో నలుగు పెట్టడానికి నువ్వు వద్దు అని ఏ చుట్టానితోనూ అనలేం. అది ముగిశాక అన్నయ్య అందర్నీ గ్యారేజీకి తీసుకెళ్ళి కారు చూపించాడు. మా పెద్దమ్మ కూతురి మొగుడు, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన బావ, తలుపంత మనిషి. అతను ఇత్తడి కప్పు చూసి, "పిల్లకి పెట్టాం, దీనికి పెట్టద్దా?" అని మూత ఒక చుట్టు తిప్పాడు. అంతే, అందరికీ కావలసివచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో చుట్టు. పట్టుచీరలతో బండి కిందికి ఎవరూ దూరరు కాబట్టి, వంగకుండా అందేవి వెనక చక్రాల దగ్గరి కప్పులు రెండే, అందరూ వాటినే తిప్పారు. కప్పు ఖాళీ అయితే అన్నయ్యే విప్పి నింపేవాడు, విస్తట్లో కూర అయిపోయిన వాడికి మారు వడ్డించినట్టు.

"చాలు బావా. వారానికి ఒక్క చుట్టే," అన్నాను నేను.

"ఆఫీసు లెక్కలు ఆఫీసులో చూసుకో బావమరిదీ. నూనె ఎక్కువై చెడిపోయింది ఏదన్నా చూశావా?"

"పోనీలేరా, తిప్పనీ," అన్నాడు అన్నయ్య. ఆయన మొహంలో అంత సంతోషం చూసి నేను గుడ్డ తీసుకుని కప్పుల అంచులు తుడవడం మొదలుపెట్టాను. బుధవారం వచ్చిన చుట్టాలకి కూడా ఈ మర్యాద జరిగింది.

గురువారం పొద్దున అమ్మాయి జీన్స్‌లోనే వచ్చి వెనక కూర్చుంది. నేను అన్నయ్య పక్కన. కారు గెంతలేదు, మూలగలేదు. వీధిలో బాటిల్‌బ్రష్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. వెనక నుంచి అమ్మాయి, "నాట్ బ్యాడ్, డాడ్," అంది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. చర్చి గేటు దగ్గర పడింది. అన్నయ్య బ్రేకు నొక్కాడు. కారు పట్టించుకోలేదు. మళ్ళీ నొక్కాడు, చేతి బ్రేకు లాగాడు, ఇంజను ఆపాడు. కారు ఎవరో పిలిచినట్టుగా తెరిచి ఉన్న గేటులోంచి నెమ్మదిగా లోపలికి వెళ్ళి, పచ్చిక మీద కొంత దూరం పోయి, ఒక బాటిల్‌బ్రష్ పొదకి ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఒళ్ళో రాలిన ఎర్ర పూలు దులుపుకుంటూ అమ్మాయి అంది: "వెల్, వుయ్ డిడ్ గెట్ టు ద చర్చ్."

బండిని ఇంటికి తోసుకొచ్చాక పక్కింటి ముసలాయన వెనక చక్రం ఊడదీశాడు. ఆ కాలపు కార్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉండేవి. బ్రేకు పట్టీల మీద గ్రీజు వెన్నముద్దలా పేరుకుని ఉంది. ఎక్కువైనదంతా ఇరుసు వెంట అక్కడికే చేరింది. ఆయన వేలితో కొంచెం తీసి చూపించి, "హూ హాజ్ బీన్ ఫీడింగ్ హర్, డాక్?" అని అడిగాడు. పట్టీలు గ్రీజు పీల్చేశాయి, కొత్తవి వెయ్యాలి, శనివారానికి అవి ఎక్కడా దొరకవు అన్నాడు. మెల్‌బోర్న్ బావ గోడ మీది క్యాలెండరు చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

"తెల్ల కారు వాళ్ళకి ఫోన్ చెయ్యనా?" అంది వదిన, మెత్తగానే.

"చెయ్యి," అన్నాడు అన్నయ్య. పెరట్లో పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తర్వాత వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని, కారుకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

వరండాలో కూర్చున్న అమ్మ నన్ను పిలిచి ఏం జరిగిందని అడిగింది. చెప్పాను. ముందు నవ్వింది. "మీ నాన్న ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు. ఎందుకో ఇన్నాళ్ళకి తెలిసింది." తర్వాత అన్నయ్య వైపు చూసి నవ్వు ఆపేసింది. "ఏందిరా, పెద్దోడు అట్టా నిలబడ్డాడు?"

పక్కనే మెట్ల మీద కూర్చున్న అమ్మాయి తల తిప్పి తండ్రిని చూసింది. "నాయనమ్మా, డిడ్ యూ ఎవర్ సిట్ ఇన్ ఇట్? తాతయ్య కారులో?"

"ఎక్కడమ్మా. అది ముందర పోయేది, మేము ఎనక నడిచేవాళ్ళం."

అమ్మాయి లేచి వెళ్ళి వదిన చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టేసింది. గ్యారేజీ ముందు నిలబడి, అక్కడున్న చుట్టాలందరికీ వినపడేలా అంది: "యూ ఆల్ గ్రీజ్డ్ ఇట్. యూ ఆల్ పుష్ ఇట్." తర్వాత తండ్రి దగ్గరికి వెళ్ళి తెలుగులో, తడుముకుంటూ చెప్పింది. "డాడ్, నువ్వు డ్రైవ్ చెయ్యి. నాయనమ్మ నా పక్కన కూర్చుంటుంది." అన్నయ్య వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి, సరే అన్నాడు. ఇంజను జోలికి వెళితే ఊరుకోనని వదిన, తెల్లచీరకి గ్రీజు మరక పడితే ఊరుకోనని మా ఆవిడ షరతులు పెట్టారు. వెనక సీటంతా ఉతికిన దుప్పట్లు పరిచాం.

శనివారం పొద్దున ఆ వీధిలో జరిగింది ఊరేగింపే. సూట్లు వేసుకున్న మగవాళ్ళు, కొంగులు నడుముకి బిగించిన ఆడవాళ్ళు కారుకి రెండు వైపులా, వెనకా చేతులు వేసి తోశారు. అంత గ్రీజు తిన్న బండి కదా, ఏ మాత్రం బరువు లేకుండా జారిపోతోంది. అందుకని వెనక ఒక మోకు కట్టి, దాన్ని మెల్‌బోర్న్ బావ చేతికిచ్చాం. "బావా, బ్రేకు," అని నేను అరిస్తే అతను వెనక్కి వాలేవాడు. ఆ రోజు నుంచి ఆయన మా అందరికీ బ్రేకు బావే. పక్కింటి ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని ముందు నడుస్తూ, ఎదురొచ్చే కార్లని ఆపాడు. అన్నయ్య స్టీరింగు పట్టుకుని తిన్నగా ముందుకే చూస్తున్నాడు, నాన్న చూసినట్టు. వెనక అమ్మాయి, పక్కన అమ్మ. ఎదురుగా ఉన్న ఇనప కడ్డీని అమ్మ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మనవరాలి చెయ్యి పట్టుకుని, నడుస్తున్న మమ్మల్ని ఒక్కొక్కరినీ పైనుంచి చూస్తూ కూర్చుంది. వీధి చివరికి వచ్చేశాం. బావ వెనక్కి వాలాడు. కారు సరిగ్గా గేటు ముందే ఆగింది. అన్నయ్య దిగి, తలుపు తెరిచి పట్టుకుని, "దిగమ్మా," అన్నాడు. అమ్మ కదల్లేదు. చర్చిని చూసింది, వచ్చిన దారి చూసింది.

"అప్పుడే వచ్చేసిందా?" అంది.

ఆ రోజు నా డైరీలో, "పెళ్ళి బాగా జరిగింది. కారు ఆగింది," అని రాసి ఉంది. ఇప్పుడు అమ్మ లేదు, అన్నయ్యా లేడు. కారు ఎవరో పాత బళ్ళ మీద ఇష్టమున్నాయన కొనుక్కుని తీసుకెళ్ళాడు. బ్రేకులు బాగుచేయించే ఇచ్చాం. మా మనవడి కారు స్కోఫీల్డ్స్ చుట్టూ నన్ను తిప్పి, ఎవరి చెయ్యీ తగలకుండానే దానంతటదే ఆగి, తలుపు గడియ తీసింది. వాడు దిగమన్నాడు. నేను కాసేపు అలాగే కూర్చున్నాను. ఎంత నెమ్మదిగా తోసుకుంటూ వచ్చామనుకున్నా, దిగే చోటు ఎప్పుడూ అనుకున్నదానికంటే ముందే వస్తుంది.