ఖాళీలో అందుకున్న గొంతు

“నువ్వే అందుకో నానమ్మా. సిన్న జాగాయే కదా.”

“పాట సెప్పినోలు అందుకోకూడదే. పక్కోలు అందుకోవాల.”

“పక్కోలు ఎవులున్నారిక్కడ? నువ్వూ, నానూ. ఉత్త ఖాళీ పంపితే నవ్విపోతారు.”

“నవ్వితే నవ్వనీ. ఆ జాగా అలగే వొగ్గీ.”

అలా మొదలైంది ఆ రాత్రి. మీరు నమ్మినా నమ్మకపోయినా నాకు ఒరిగేదేమీ లేదు... మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కథలు కట్టడం నాకు చేతకాదు. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

గౌరి నా కొడుకు కూతురు. చీపురుపల్లిలో మా ఇంటి వెనక గదిలో కంప్యూటర్ పెట్టుకుని పాటలు రికార్డు చేస్తుంది. ఆ రోజు నాచేత ఊడుపుల పాట పాడించింది. మడిలో నాటు వేస్తూ ఒకరు చరణం చెబితే, వరసలో మిగతావాళ్ళు పల్లవి అందుకుంటారు. చెప్పే మనిషి అప్పుడు ఊపిరి తీసుకుంటుంది. నేనూ అలాగే పాడాను. చరణం... ఖాళీ... చరణం... ఖాళీ. ఆ పల్లవి ఏమిటో గౌరికి నేను చెప్పనైనా లేదు.

పాట తెల్లారేసరికి విజయనగరంలో ఒక నాట్య బృందానికి పంపాలి. నచ్చితే మిగతా పాటల పనీ గౌరికే. నచ్చకపోతే ఆ సామానంతా అమ్మేసి బట్టల కొట్లో కూర్చోమన్నాడు వాళ్ళ నాన్న. ఆ మాట వాడిచేత అనిపించింది నేనే.

చివరికి ఖాళీలు అలాగే వదిలేసింది. మిక్స్ అయిపోయింది, ఇక ఎక్స్‌పోర్ట్ అంది. తెర మీద నా గొంతు ఒక గీత, గౌరి కంప్యూటర్‌లోంచి వేసిన డప్పు ఒక గీత. ఆ రెండూ కలిపి ఒకే ఫైలుగా బయటికి తీయడమట. అప్పుడు పాట మోగదు. తెర మీద పచ్చ పట్టీ నిండుతుంది, అంతే. మైకుతో ఇక పని లేదంది కదాని దాని తీగ నేనే పీకేశాను. దీపమూ ఆర్పేశాను. కరెంటు ఊరికే వస్తుందా.

పట్టీ నిండింది. టింగ్ మంది.

“ఓపాలి ఇనీసి పంపిస్తాను,” అంది గౌరి.

డప్పు వచ్చింది. నా గొంతు వచ్చింది. మొదటి చరణం అయింది. ఖాళీ...

ఆ ఖాళీలో... ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

పల్లవి అందుకున్నారు.

ఆడగొంతు. కొంచెం బొంగురు. నడుం వంచిన మనిషి పాడినట్టు... మాట మాటకీ రొప్పుతూ. వెనక, బురదలోంచి కాలు తీసిన చప్పుడు. చళుక్... మళ్ళీ చళుక్.

గౌరి తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

“నాను సూడకుండా నువ్వు గాని పాడీసినావేటి నానమ్మా?”

“నానెప్పుడు పాడేనే? నీ కళ్ళెదటే కూకున్నాను కదా.”

“మరి ఎవులిది?”

“నన్నడుగుతావేటి. నీ మిషను, నీ పాట.”

నా పాట ఉన్న గీత తెరిచి చూసింది. ఖాళీల దగ్గర చదునుగా ఉంది, ఏమీ లేదు. మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసింది. మళ్ళీ ఆ ఊపిరి... ఆ పల్లవి. మాటలు సరిగ్గా అవే. కోటబొమ్మాళి పక్కన మా పుట్టింటి మళ్ళలో మేం పాడినవే. పోనీ తెలిసిన గొంతా అంటే, కాదు. నాతో నాటు వేసినవాళ్ళందరినీ తలుచుకున్నాను. ఏ ఒక్కరిదీ కాదు.

చివరి ఖాళీ వచ్చింది. అక్కడ పల్లవి రాలేదు... రొప్పు మాత్రమే. పాట అయిపోయినా అది ఆగలేదు. తర్వాతి చరణం నేను చెబుతానని చూస్తున్నట్టు... అక్కడే ఉంది.

నా నోరు దానంతటదే తెరుచుకుంది.

గౌరి నా మూతి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

ఇద్దరికీ కునుకు లేదు. ఎన్నిసార్లు తీసినా ఆ గొంతుతోనే వచ్చింది. ఆఖరికి పంపించెయ్యమని నేనే అన్నాను. అది మనిషో, మిషను చేసిన తప్పో, ఇంకేమిటో... ఇప్పటికీ నాకు తెలియదు.

తెల్లారాక నాట్య బృందం ఆవిడ ఫోన్ చేసింది. గౌరి స్పీకర్ పెట్టింది. పాట బాగుందట. పని గౌరికే ఇస్తారట.

“మిగతా పాటలు కూడా ఆ ఇద్దరిచేతే పాడించాలమ్మా. వాళ్ళు వస్తారా?”

గౌరి నా వైపు చూసింది.

“వస్తారండి,” అంది.

నేను వద్దనలేదు.