రాయమల్లు చెప్పిందొకటి, నేను రాసిందొకటి

"సంపత్ కోసమన్న నిజం చెప్పనియ్యే."

"సంపత్ కోసమే వద్దంటున్న. నీకు సోయి ఉంటె గదా, ఆ ముచ్చట సమజయ్యేటందుకు."

"ముందు మాటలే వచ్చినయ్, సారవ్వా. తాగుడు ఎనుక వచ్చింది."

"తాగుడే ముందు. వాడకట్టంత ఎర్క. నీకొక్కనికే ఎర్క లేదు."

గుమ్మం బయట చెప్పులు విడుస్తూ నేను విన్నది ఇది. గోదావరిఖనిలో ఫైవింక్లైన్ గని దాటాక రెండు గదుల రేకుల ఇల్లు. మే నెల. పొద్దున పదకొండుకే రేకుల వేడి నెత్తిమీదకు దిగుతోంది. లోపల కొట్లాడుకుంటున్నది రాయమల్లు, ఆయన భార్య సారవ్వ. సంపత్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. కొట్లాటకు కారణం నా సంచిలో ఉన్న కాగితాలు; వాటిలో ఏం అడుగుతారో వాళ్లకు ముందే తెలుసు.

అప్పటికి నేను ఇంజనీరింగ్ మూడో ఏడు మధ్యలో వదిలేసి ఖాళీగా తిరుగుతున్నాను. పట్టిన ఏ పనిలోనూ మూడు నెలలు నిలవలేదు. సుమైరా మేడం పిలిచి ఇల్లిల్లూ తిరిగి కాగితాలు నింపే ఈ పని ఇచ్చింది. ఆమె లక్ష్మీనగర్‌లో మోటార్ మెకానిక్ సర్వర్ భాయ్ బిడ్డ. మానసిక వైద్యం చదివి కరీంనగర్‌లో ఒక దవాఖానలో చేస్తుంది. ఎవరూ లేకున్నా మాటలు వినపడే జబ్బు ఒకటుంది, స్కిజోఫ్రెనియా అంటారు. ఆ జబ్బూ తాగుడూ రెండూ ఉన్నవాళ్ల మీద ఆమె పరిశోధన. రామగుండం నుంచి మందమర్రి దాకా ఎనభై ఆరు మంది. ఆమె తేల్చుకోవాలనుకున్నది ముఖ్యంగా ఒక్కటే: ఏది ముందు? తాగి తాగి మాటలు మొదలయ్యాయా, మాటలు తట్టుకోలేక తాగుడు మొదలైందా?

కాగితం మీద ఆ ప్రశ్నకు రెండు గడులు. ఒకదాంట్లో రోగి చెప్పింది, పక్కదాంట్లో ఇంటివాళ్లు చెప్పింది రాయాలి. రెండూ కలవకపోతే నువ్వు కలపకు, అలాగే వదిలెయ్, నేనే వచ్చి కూర్చుని మాట్లాడతాను అని మేడం నాకు రెండుసార్లు చెప్పింది.

నేను రెండు గడుల్లోనూ 'తాగుడు ముందు' అని రాశాను.

సారవ్వ చల్ల తెచ్చి ఇచ్చి, నా ఎదురుగా కింద కూర్చుని బతిమాలింది. "తాగుడైతె ఈయనతోనే పోతది, బిడ్డా. మాటలే ముందు అని రాస్తివనుకో, అది నెత్తురుల ఉన్న పిచ్చి అంటరు. రేపు నా కొడుకును సుత గదే కంటితోని సూస్తరు." రాయమల్లు ఇంకోసారి, మెల్లగా, మాటలే ముందని అన్నాడు. నా పెన్ను ఎటు కదులుతుందో చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి బీడీ ముట్టించాడు. నాకు ఇంకా మూడిళ్లు తిరగాల్సి ఉంది. అదొక్కటే అయితే బాగుండేది. ఆయన వణికే చేతులూ, పాడైపోయిన పళ్లూ చూసి, తాగుబోతు చెప్పేదానికి విలువేముందిలే అని నేనూ అనుకున్నాను.

ఏడాదిన్నర తర్వాత ఆ పరిశోధన ఒక పత్రికలో అచ్చయింది. చివర్లో కృతజ్ఞతలు చెప్పిన చోట నా పేరుంది. నా పేరు అచ్చులో పడటం అదే మొదటిసారి. చౌరస్తాలో జిరాక్సు తీయించి, అమ్మకు చూపించి, అది చాలక రాయమల్లుకు చదివి వినిపిద్దామని పోయాను. అప్పుడాయన మార్కెట్ పక్కన బండ్ల పార్కింగ్ దగ్గర చీటీలిస్తున్నాడు. ఇంగ్లీషు ముక్కలు తెలుగులో చెబుతుంటే తలూపుతూ విన్నాడు. తాగుడు ముందు వచ్చినవాళ్లు ఇంతమంది, మాటలు ముందు వచ్చినవాళ్లు ఇంతమంది అన్నప్పుడు ఆపి, నేను ఏ దిక్కున్న అని అడిగాడు.

చెప్పాను. ఆయన చీటీల కట్టను రబ్బరు బ్యాండుతో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నాకు అక్కడి నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ రోజు కొంత, తర్వాత రెండుసార్లు పోయినప్పుడు కొంత, ఏడాదిన్నర కింద వినాల్సినదంతా అప్పుడు విన్నాను.

రాయమల్లుది సుల్తానాబాద్ దగ్గరి పల్లె. ఇరవై ఒకటో ఏట గనిలో బదిలీ ఫిల్లర్‌గా చేరాడు. బదిలీ అంటే రోజూ పని ఉంటుందని కాదు. గని ముందు నిలబడాలి, ఎవరైనా రాకపోతే ఆ చోట్లో లోపలికి దించుతారు. తట్టా, పారా పట్టుకుని బొగ్గు ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో పోయడమే పని. ఒళ్లు దాచుకునే మనిషి కాదు, అందుకని తొందరగానే పర్మనెంట్ అయ్యాడు.

పర్మనెంట్ అయిన ఏడే వెనక నుంచి ఎవరో తట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ముసలి గొంతు. పదమూడు తట్టలు పోస్తే పన్నెండంటుంది. ఎప్పుడూ ఒకటి తక్కువే. తలమీది లైటుతో వెనక్కి తిరిగి చూస్తే బొగ్గు గోడ, కట్టె దిమ్మెలు. జోడీగా పనిచేసే పోశం ఆటపట్టిస్తున్నాడనుకుని ఒకరోజు అతని కాలర్ పట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆ గొంతు గని పైకి కూడా ఆయనతోపాటే వచ్చింది. అడుగులు లెక్కపెట్టింది. ఇంట్లో అన్నానికి కూర్చుంటే బుక్కలు లెక్కపెట్టింది. అక్కడా ఒకటి తక్కువే. ఆ తక్కువైన బుక్క ఎక్కడ పోయిందో తేలక రాయమల్లు కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. మనిషి ఎండిపోయాడు.

పోశమే జాలిపడి, ఒంటి నొప్పులేమోనని, షిఫ్టు దిగాక తాగించాడు. గనిలో అది మందు కిందే లెక్క. ఆ సాయంత్రం గొంతు ఆగింది.

"ఆ పొద్దు కడుపు నిండ తిన్న, బిడ్డా. మా పెండ్లి నాడు సుత గంత సంబురం కాలె. మీ చిన్నమ్మకు జెప్పకు, కొడ్తది."

అందరూ తాగడానికి తాగితే రాయమల్లు అన్నం తినడానికి తాగాడు. మొదట్లో కొంచెంతో ఆగేది. తర్వాత ఆగేది కాదు, పొద్దున లేచేసరికి రెండింతల గొంతుతో అరిచేది. నాగాలు పెరిగాయి. నోటీసులొచ్చాయి. విచారణలో ఎందుకు రావడం లేదని అడిగితే తాగి పడుకున్నాను సార్ అని తనే చెప్పి సంతకం పెట్టాడు. నిజం ఎందుకు చెప్పలేదని నేనడిగాను. ఎవరో లెక్కపెడుతున్నారని చెప్పినవాణ్ని మళ్లీ లోపలికి ఎవరు దించుతారని ఎదురడిగాడు. పక్కన పనిచేసేవాడి ప్రాణం కూడా పోతుంది కదా అన్నాడు. తాగుడంటే తిట్టి వదిలేస్తారు, పిచ్చి అంటే శాశ్వతంగా బయటే. ఆయన లెక్క అది. రెండుసార్లు తిట్టి వదిలేశారు కూడా. మూడోసారి డిస్మిస్ కాగితం వచ్చింది. జబ్బని చెప్పి దవాఖాన కాగితాలు పెట్టుకుని ఉంటే మెడికల్ అన్‌ఫిట్ కింద దిగిపోయేవాడేమో, అలా దిగినవాళ్ల కొడుకులకు కంపెనీ ఇచ్చే నౌకరి పెద్దయ్యాక సంపత్‌కు వచ్చేదేమో. ఆ సంగతి ఆయనకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

సంపత్‌కు ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు దగ్గర డంపర్ లారీ నడుపుతాడు. 'నా నౌకరి నువ్వు తాగినవ్' అని తండ్రితో ఒకసారి అన్నాడు. ఆ తర్వాత ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తాగుడు మాన్పించడానికి రాయమల్లును ఒక చోట ఇరవై ఒక్క రోజులు పెట్టారు. తాగుడు లేకపోయేసరికి లెక్క రాత్రింబవళ్లు నడిచింది. అక్కడివాళ్లు మానేసినప్పుడు అలాగే ఉంటుందన్నారు. ముప్పై ఏళ్లలో చూసినవాళ్లంతా రోజుకెంత తాగుతావనే అడిగారు. 'వాడేమంటున్నడు, కాకా' అని అడిగింది సుమైరా ఒక్కతే. ఆమె గోలీలు ఇవ్వడం మొదలుపెట్టిన ఆరేడు నెలలకు గొంతు గుసగుస అయింది. తాగుడు పూర్తిగా పోలేదు గానీ సగానికి సగం తగ్గింది.

ఇదంతా విన్నాక కరీంనగర్ బస్సెక్కాను. మేడం ముందు కూర్చుని, ఏ గడిలో ఏం రాశానో చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే నాకూ కొంత తేలికయ్యేది. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంక ఎన్ని ఇండ్లల్ల గిట్ల చేసినవ్, శివా?"

గుర్తు లేదన్నాను. నిజంగానే లేదు. ఐదో, పదో. తొందరలో చేసిన పని గుర్తెక్కడుంటుంది?

"ఒక్క గడే కదా అనుకున్నవ్. ముందు వచ్చేది ఏదో తెలిస్తెనే, రెండోది రాకముందు మనిషిని పట్టుకుంటం. అందుకే గదా ఇంత తిరిగింది."

ఆ పత్రికకు ఉత్తరం రాస్తానంది, ఎనభై ఆరు ఇళ్లూ మళ్లీ తిరగాలంది. ఈసారి ఆమే తిరుగుతోంది. నన్ను రమ్మనలేదు. వస్తానని అడిగే మొహం నాకు లేదు.

ఈ సంగతి చెబుదామని మొన్న ఆదివారం పొద్దున రాయమల్లు ఇంటికి పోయాను. మళ్లీ అచ్చు వేస్తారు, ఈసారి మీరు చెప్పిందే పడుతుంది అన్నాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. కాగితం సంగతి తర్వాత, ముందు కూర్చోమన్నాడు. సంపత్ డ్యూటీకి పోయాడు. సారవ్వ పొయ్యి దగ్గరే ఉంది.

సంపత్ కొన్నాళ్లుగా అన్నం తింటూ తింటూ మధ్యలో ఆగి వెనక్కి చూస్తున్నాడట. ఒకసారి కాదు, రోజూ. ఎవరైనా పిలిచారా అని తల్లిని అడిగాడట. ఆమె బల్లి కావచ్చు అందట. దసరా అయినప్పటి నుంచి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు జేబులో సీసా ఉంటోంది. తాగిన రోజు మాత్రం వెనక్కి చూడకుండా కంచం ఖాళీ చేస్తున్నాడు.

నేను సారవ్వ వైపు చూశాను. ఈసారి అడ్డం చెప్పలేదు. పొయ్యిలో కట్టె సర్ది, "రేపు వానికి సెకండ్ షిఫ్టు. పొద్దుగాల ఇంట్లనే ఉంటడు" అంది.

రాయమల్లు నా పక్కకు జరిగాడు.

"నేను చెప్తె వాడు ఇనడు, బిడ్డా. వానికి నన్ను సూస్తె తాగుబోతే కనవడ్తడు. నువ్వు వాని ఈడువాడివి. రేపు పొద్దుగాల రా. ముందు మాటలే వస్తయని, మీ నాయినకు గట్లనే అయిందని వానికి నువ్వు చెప్పు. సుమైరమ్మ దగ్గరికి నువ్వే తోల్కపో."