ఏడు బురుజుల కోటకు సున్నా గిరాకీ

ఆ రోజుల్లో రుజువు లేని మాట వినడం కంటే చెవులు మూసుకోవడమే ఆరోగ్యకరమని నా గట్టి నమ్మకం (ఈ నమ్మకానికి రుజువేమిటని మాత్రం నన్ను నేను అడగలేదు). రసాయన శాస్త్రంలో పట్టా పుచ్చుకుని, ఎల్‌బీ నగర్ అవతల ఒక మందుల పరిశ్రమలో నమూనాలు పరీక్షించే కొలువులో కొత్తగా చేరాను. నా గది కిరాయిలో సగం కట్టే మిత్రురాలిని మహారాణి అనేవాళ్లం. రాజ్యమంతా ఒక ఇనుప మంచం. ఆమె ‘ఏడు బురుజుల కోట’ అనే ఆటను తయారుచేసింది. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడుపుతుంటే, తక్కినవారు అందులోని దొంగలుగా, సైనికులుగా, మంత్రగత్తెలుగా మాట్లాడాలి. చిక్కు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. నియమాలూ కథా కలిపి రెండు వందల పుటలు. ఆ పుస్తకాన్ని అచ్చువేసి అమ్మాలని ఆమె ఆశ. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడిపే వాళ్ల నాయన మాత్రం తేల్చి చెప్పాడు: “రెండు వారాలు సూస్త బిడ్డా. ముప్పై మంది ‘మాకు గావాలె’ అంటే అచ్చేసుకో. లేకుంటే ఒచ్చి దుకాణంల కూసో, చీరలు మడతపెట్టు.”

వ్యాపార వ్యూహం మహారాణిది. దాన్ని పాడుచేసిన పద్ధతి నాది. దిల్‌సుఖ్‌నగర్‌లోనే కొలువుల పరీక్షలకు చదివే అమ్మాయిల హాస్టల్ భోజనశాలలో ఒక నమూనా ప్రతి ఉంచాలి; నచ్చినవారు పక్కనున్న కాగితం మీద పేరు రాయాలి. ఆమె అంతటితో ఆగేది. నేను ఆ కాగితానికి సంతకం, ఫోను నంబరు, ‘ఈ ఆట తయారుచేసినవారితో నాకెలాంటి బంధుత్వమూ లేదు’ అనే హామీ కూడా జోడించాను. “ఏమే, ఆట కొంటున్నరా, పాస్‌పోర్టుకు పెట్టుకుంటున్నరా?” అని ఆమె నెత్తి కొట్టుకుంది. రోజూ సాయంత్రం నేనే వెళ్లి చూసి వచ్చేదాన్ని. పుస్తకం ఒకనాడు కిటికీలో, ఒకనాడు నీళ్ల డ్రమ్ము మీద, ఒకనాడు అసలు కనబడకుండా, మర్నాడు మళ్లీ బల్ల మీద. ఈ స్థానభ్రంశాలన్నిటినీ తేదీలతో సహా నమోదు చేశాను; ఎందుకు జరుగుతున్నాయని మాత్రం ఆలోచించలేదు. పద్నాలుగో రోజుకు పేర్లు సున్నా. “గిరాకీ లేదని శాస్త్రీయంగా రుజువైంది,” అన్నాను. ఆమె రేపటి పనికి సాధన చేస్తున్నట్టు దుప్పటిని చీరలా మడతపెట్టింది.

ఆ ఖాళీ కాగితానికి ఒక నకలు నా దస్త్రంలో ఉండాలని (ఉండాలి కదా మరి!) హాస్టల్ పక్కనున్న జిరాక్స్ దుకాణానికి ఆమెనూ లాక్కెళ్లాను. “ఖాళీ కాయితానికి జిరాక్సేంది మేడం?” అని దుకాణదారు పరేషానయ్యాడు. అతని మోచేతి కింద స్పైరల్ బైండింగ్ చేసిన పుస్తకాల దొంతర. అట్ట మీద ఏడు బురుజులు! “గిదా? కొత్త మెటీరియల్ మేడం. హాస్టల్ పిల్లలు తీస్కపోతున్నరు. నిన్నటికి నలభై మూడు. ఏ పరీక్షకో ఏమో, పాచికల్లేవని చీట్లు తీసుకుంట చదువుతున్నరు. జర ఆగుండ్రి, మీగ్గూడ ఒకటి ఏస్త.” దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ పుస్తకమైనా నచ్చితే పేరు రాయరు, జిరాక్స్ తీయిస్తారు; అక్కడే అయిదేళ్లు చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు. మహారాణి నా భుజాలు పట్టుకుని ఊపేసింది: “ఏమే! పుస్తకం జిరాక్సైతది, పాచిక జిరాక్సైతదా?” వ్యూహం అక్కడికక్కడే తలకిందులైంది. పుస్తకం ఎవరైనా నకలు తీసుకోవచ్చు. మేము పాచికలనూ, నెలకొక కొత్త కథనూ పెట్టెలో పెట్టి అమ్ముతాం. (నలభై మూడు అనే అంకెకు నేను రాతపూర్వక ధ్రువీకరణ అడిగాను. పాపం, ముద్ర వేసి మరీ ఇచ్చాడు.)

వాళ్ల నాయన ఆ ముద్రను చూసి పడీపడీ నవ్వాడు. “మన చీర డిజైన్ కొట్టేసి మిల్లు బట్ట మీద అచ్చేస్తరు సూడు, పనికిరానిదాన్ని ఎవడన్న కొట్టేస్తడా? పో బిడ్డా, మెట్ల కింది జాగ నీదే. పెట్టెలు పెట్టుకో.”

ఆ మాట వినగానే నేను దుకాణం ముందు, అంత రద్దీలో, గంతులు వేశానని మహారాణి నేటికీ చెబుతుంది. నాకు గుర్తు లేదు, ఫోటో లేదు, ఉన్న ఒక్క సాక్షీ కథలల్లడమే వృత్తిగా బతికే మనిషి. శాస్త్రం ముందు ఈ వాదన నిలవదు. అయినా ఇన్నేళ్లలో దీన్నొక్కదాన్నీ పరీక్షకు పెట్టబుద్ధి కాలేదు. ఆ గంతులేసిన పిల్ల నిజంగా నేనే అయితే ఎంత బాగుండును!