వంకర కొమ్ము ఎద్దు

చిలకలూరిపేటలో శుభలేఖలూ ఫ్లెక్సీలూ వేసే కొట్టు నాది. ఎందరో పెళ్ళికొడుకుల బట్టతలల మీద జుట్టు మొలిపించాను, పెళ్ళికూతుళ్ళ మొటిమలు మాయం చేశాను. వంకరగా ఏది కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. అందుకే ఆ ఎద్దు కొమ్ము కూడా తిన్నగా చేసేశాను.

ఆ ఎద్దు ఒక లేబుల్ మీద ఉంది. హైవే పక్కన మూతపడ్డ జిన్నింగ్ మిల్లుని పడగొట్టినప్పుడు, పాత సామాన్ల కొట్టుకు చేరిన కాగితాల్లో దొరికింది. ఒకప్పుడు పత్తి బేళ్ళ మీద అంటించేవాళ్ళట. తెల్లటి ఒంగోలు ఎద్దు, వెనకాల విచ్చిన పత్తి చేను. ఎడమ కొమ్ము మాత్రం చెవి మీదకి వాలి ఉంది. పాపం, వేసినాయన చెయ్యి వణికినట్టుంది అనుకున్నాను. స్కాన్ చేసి, మరకలు తుడిచి, మిల్లు పేరు తీసేసి, కొమ్ము నిలబెట్టి, పెద్ద ప్రింటు తీసి ఫ్రేము కట్టించాను. హైవే మీద కొత్తగా హోటలు పెట్టినాయన ముచ్చటపడి, ఒకటి హాల్లో తగిలించుకుని, గదులన్నిటికీ కావాలన్నాడు. అన్నీ కట్టించి కొట్లో గోడకి చేరేశాను.

అప్పుడొచ్చింది ఫోను. ఎవరో పెద్దావిడ.

"హోటల్లో ఆ ఎద్దు బొమ్మ చేసింది నువ్వేనా అమ్మా?"

"అవునండీ."

"అది మా నాన్న వేసిన బొమ్మ. ఎల్లుండి వస్తాను, కొట్లోనే ఉండు."

పెట్టేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే ఆ ఫ్రేముల మీద దుప్పటి కప్పాను. తర్వాత ఏ పాపమూ ఎరగని మా ఆయన మీద అరిచాను. కోర్టుకీడిస్తే ఏం చెయ్యాలి? ఇన్నేళ్ళుగా నడుపుకుంటున్న కొట్టు ఏమైపోతుంది?

మర్నాడు బస్సెక్కి ఒంగోలులో తెలిసిన లాయరు గారి దగ్గరికి వెళ్ళాను.

"ఆ లేబుల్ డబ్బులిచ్చి కొన్నానండీ," అన్నాను కూర్చోకముందే.

"కాగితం కొన్నారు, బొమ్మ కొనలేదుగా. మిరపకాయలు కొన్నంత మాత్రాన చేను మీదవుతుందా?"

"పాతదండీ. అసలు ఆ మిల్లే లేదు."

"మిల్లు పోతే హక్కు పోతుందా? వేసినాయన పోయాక కూడా అరవై ఏళ్ళు ఉంటుంది. మిల్లువాళ్ళు డబ్బిచ్చి వేయించుకుంటే వాళ్ళది. ఆయన తన కోసం వేసుకుంటే ఆయనది, ఆయన తర్వాత పిల్లలది. ముందు అది తేల్చుకోవాలి. మిల్లు పేరు తీసేశారు కాబట్టి ట్రేడ్‌మార్క్ గొడవ కొంత తగ్గింది."

ఫ్రేములో అందంగా లేదని తీసేశాను గానీ, అంతా ఆలోచించే చేసినట్టు తలూపాను.

"బొమ్మనేమైనా మార్చారా? హక్కు ఎవరిదైనా సరే, బొమ్మ పాడుచేస్తే వేసినాయన తరఫువాళ్ళు అడగొచ్చు."

"అబ్బే లేదండీ, బాగుచేశాను."

ఆయన కళ్ళజోడు తీసి నన్నొక చూపు చూశాడు. తిరుగు బస్సులో మార్టూరు దాటినా ఆ చూపు నన్ను వదల్లేదు.

అన్న రోజే వచ్చింది ఆవిడ. నల్లంచు మంగళగిరి చీర, చంకలో దుప్పట్లో చుట్టిన పెద్ద అట్ట. ఆవిడ తన దుప్పటి విప్పింది, నేను నా దుప్పటి తీశాను. అట్ట మీద వాళ్ళ నాన్న వేసిన అసలు ఎద్దునీ, నా ఎద్దునీ పక్కపక్కన పెట్టింది.

"ఏమ్మా, మా ఎద్దు కొమ్మేదీ?"

అరవై ఏళ్ళూ, వారసులూ అంటూ దారి పొడుగునా వల్లెవేసుకున్న మాటలన్నీ వదిలేసి, నేను తిన్నగా చేసిన కొమ్ముని వేలితో చూపించాను.

"దూడప్పుడే గాటికి గుద్దుకుని కొమ్ము అలా వంగిపోయింది. వంకర కొమ్ముదని బేరగాళ్ళు వెక్కిరిస్తే మా నాన్నకి రోషమొచ్చి అమ్మనన్నాడు. ముచ్చటపడి ఈ బొమ్మ వేసుకున్నాడు. మిల్లాయన మా ఇంట్లో చూసి అడిగితే, డబ్బు తీసుకోకుండానే లేబుల్ మీద వేసుకోనిచ్చాడు. సాయంత్రం ఎడ్లన్నీ దుమ్ము లేపుకుంటూ వస్తుంటే ఆ కొమ్ము చూసే మాదని గుర్తుపట్టేవాళ్ళం. హోటల్లో చూసి ఎంత సంబరపడ్డానో! దగ్గరికెళ్తే మాది కాదు, ఎవరిదో."

"తప్పయిందండీ. అన్నీ తీసేస్తాను, ఇక అమ్మను," అన్నాను.

"అమ్మొద్దని నేనెప్పుడన్నాను? కొమ్ము మళ్ళీ వంచు. కింద మా నాన్న పేరు వెయ్యి. నాకేమిస్తావో నువ్వే చూసుకో. కాగితం రాయించు, సంతకం పెడతాను. ఆయనకి నేనొక్కదాన్నే."

గుండెల మీద బండ దిగిపోయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కాఫీ తెప్పించి, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్ తెరిచాను. "ఇంకొంచెం కిందకి... చెవికి తగలాలమ్మా... ఆఁ!" అంది. తెర వైపు చూస్తూ, ఎద్దుని పిలిచినట్టు నాలుకతో చిన్నగా చప్పుడు చేసింది.

లాయరు గారు కాగితం రాశారు, ఆవిడ సంతకం పెట్టింది, ప్రింట్లన్నీ మళ్ళీ తీయించి హోటలుకి పంపాను. వెంటనే హోటలాయన ఫోను.

"ఏంటండీ, ఎడమ కొమ్ము వంకరగా వచ్చింది? ముందుదే బాగుంది. కాస్త సరిచేసి పంపండి."

"ఆ హక్కు నాకు లేదండీ," అన్నాను.

ఇంత హాయిగా నేనెవరికీ కాదని చెప్పి ఎరగను.