వంటింటి కిటికీలో కారు స్టార్టరు

మా ఆయన పోయాక వచ్చిన మొదటి చలికాలంలోనే కారు సెల్ఫ్ పాడైంది. భిలాయి టౌన్‌షిప్‌లో రుఆబాంధా సెక్టారులో మా క్వార్టరు. ఆయన ఉక్కు ప్లాంటులో ఇంజనీరుగా పనిచేశారు. నేను టౌన్‌షిప్ బడిలో లెక్కల టీచరుని. మాకు పిల్లల్లేరు. ఆ కారు ఇద్దరు ముగ్గురి చేతులు మారి మా దగ్గరికి వచ్చిన పాతది. ఆదివారాలు ఖాళీగా ఉండే సెక్టారు రోడ్ల మీద ఆయనే నాకు డ్రైవింగ్ నేర్పారు. కారు అమ్మేసి విజయనగరం వచ్చెయ్యమని మా అన్నయ్య ఉత్తరాలు రాసేవాడు. నేను ఆ రెండు పనులూ చెయ్యలేదు.

సెల్ఫ్ లేకపోతే కారుని ఎవరో ఒకరు తొయ్యాలి. పొద్దున్నే పక్క క్వార్టరు గేటు దగ్గర నిలబడి "అన్నయ్యగారూ" అని పిలిచేదాన్ని. ఆయన రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్, శ్రీకాకుళం వైపు మనిషి. రిటైర్ కావడానికి ఇంకో ఏడాది ఉంది. మఫ్లరు చుట్టుకుంటూ వచ్చి, "ఏటమ్మా, ఇయ్యాళ కూడా మొరాయించిందా?" అనేవారు. నైట్ షిఫ్టు దిగి సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళలో ఎవరో ఒకరు ఆగి చెయ్యి వేసేవారు. నేను క్లచ్ వదలగానే ఇంజను దగ్గి అందుకునేది. ఆపితే మళ్ళీ ఆరిపోతుందని భయం. కిటికీలోంచి చెయ్యి ఊపి అలాగే వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రం ఆ మొహమాటం తీర్చుకోవడానికి వాళ్ళింటికి వెళ్తే, వదినగారు ఏదో ఒకటి తినిపించి గానీ పంపేవారు కాదు.

ఓ రోజు అద్దంలో వెనక్కి చూశాను. ఆయన రోడ్డు మధ్యలో వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని రొప్పుతున్నారు. ఇంక ఆయన్ని పిలవకూడదనుకున్నాను.

దుర్గ్‌లో ఒక దుకాణంలో విదేశాల నుంచి తెప్పించిన రేడియో స్టార్టరు సెట్టు ఉందంటే వెళ్ళి చూశాను. చేతిలో ఇమిడే డబ్బా, దానికో బటను. ఇంట్లో కూర్చుని నొక్కితే బయట కారు స్టార్టవుతుందట. ధర విన్నాక మంచినీళ్ళు తాగి వచ్చేశాను. కోహ్కాలో ఒక మెకానిక్ విప్పి చూసి, కొత్త మోటారు అక్కర్లేదు దీదీ, లోపల వైండింగ్ మళ్ళీ చుట్టిస్తే చాలన్నాడు. అది నాకు అందే మాటే. కానీ చలికి ఇంజను వేడెక్కడానికి పది నిమిషాలు పట్టేది. అంతసేపూ కారులో కూర్చుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయేది.

ఆ చిక్కు విడదీసినవాడు ప్లాంటులో మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్, మా విజయనగరం అతనే. మా ఆయన దగ్గర పని నేర్చుకున్నానని చెప్పాడు. వీక్లీ ఆఫ్ రోజున వచ్చి, దుర్గ్‌లో చూసిన సెట్టు సంగతి నా నోట విని, కారు నిలిపే చోటు నుంచి వంటింటి కిటికీ దాకా అడుగులేసి కొలిచాడు.

"పదడుగులు లేదు. దీనికి రేడియో ఏటికమ్మా? తీగ సాలదా?" అన్నాడు.

బాగుచేయించిన మోటారు బిగించి, దానికో రిలే కలిపి, కిటికీ పక్కన గోడకి ఒక స్విచ్చీ, దాని కింద కాలింగ్ బెల్ బటనూ పెట్టాడు. స్విచ్చీ వేసి బటను నొక్కితే బండి లేస్తుంది. బయల్దేరేముందు బంపరు దగ్గర ప్లగ్గు పీకేస్తే తీగ గోడవైపే ఉండిపోతుంది. రాత్రి గేరు న్యూట్రల్లో పెట్టడం, హ్యాండ్‌బ్రేకు లాగడం, చక్రాలకి ముందూ వెనకా ఇటుకలు పెట్టడం, చోక్ సగం లాగి ఉంచడం, ఇవన్నీ చెప్పి, నా చేత తిరిగి చెప్పించుకున్నాడు. కూలి తీసుకోమంటే తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు పొద్దున్న బటను నొక్కాను. కారు ఒక్కసారి ఊగి స్టార్టయింది. స్టీరింగ్ ముందు ఎవరూ లేరు. ఖాళీ సీటు, అద్దం మీద మంచు, వెనక నుంచి తెల్లటి పొగ. పొయ్యి మీద టీ పొంగిపోయేదాకా అలా చూస్తూ నిలబడిపోయాను.

ఆ తరవాత ఎవర్నీ పిలవాల్సిన పని పడలేదు. పెద్దాయనకి శ్రమ తప్పించానని కొన్నాళ్ళు తృప్తిగానే ఉంది. మొహమాటం లేదు కాబట్టి సాయంత్రాలు వాళ్ళింటికి వెళ్ళడమూ తగ్గింది. బడి, ఇల్లు, దిద్దాల్సిన పేపర్లు. బడిలో అంతా హిందీయే. కొన్ని రోజులు పొద్దున్నించి రాత్రిదాకా నా నోటంట ఒక్క తెలుగు మాట వచ్చేది కాదు.

ఒకనాడు స్టాఫ్‌రూములో ఒకావిడ, మీ పక్కింటి పెద్దాయనకి ఎలా ఉందని హిందీలో అడిగింది. నాకేం అర్థం కాలేదు. నెమ్ము చేసి ఆయన్ని ఆసుపత్రిలో చేర్చి పన్నెండు రోజులైందట. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ.

బడి వదలగానే ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నారు. వదినగారు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. నాకెందుకు చెప్పలేదని అడిగాను. అడుగుతుంటేనే నా గొంతు నాకే తప్పుగా వినిపించింది.

"నీ పనులు నీకున్నాయి కదమ్మా. రోజూ బండి స్టార్టవుతున్న సప్పుడు వినబడతానే ఉంది. బాగుంది కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడం అనుకున్నాం," అన్నారావిడ. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆయన డిశ్చార్జ్ అయ్యేదాకా రోజూ ఆవిణ్ణి నా కారులోనే తీసుకెళ్ళి, తీసుకొచ్చాను. దారిలో ఆవిడ పలాస జీడితోటల గురించి, పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో రాత్రిపూట ప్లాంటు కొలిమి వెలుగు చూసి ఊరు తగలబడుతోందని భయపడ్డ సంగతి గురించి చెప్పేవారు. ఎన్నేళ్ళుగానో పక్కనే ఉండి ఇవేవీ నేను అడగలేదు. ఏడాది తిరిగేసరికి ఆయన రిటైరయ్యారు, క్వార్టరు ఖాళీ చేసి ఊరికి వెళ్ళిపోయారు. దుర్గ్ స్టేషన్లో రైలెక్కించి వచ్చాను. మూడు నెలలు ఆ గేటుకి తాళం వేలాడింది.

తరవాత ఒక కుటుంబం దిగింది. సామాన్ల లారీ వెళ్ళిపోయాక, గిన్నెలో పులిహోర పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. పదేళ్ళ పిల్ల తలుపు తీసింది. అమ్మ నిద్రపోతోందని, నాన్న డ్యూటీకి వెళ్ళాడని హిందీలో చెప్పి, ఏం పని మీద వచ్చారని అడిగింది. పనేమీ లేదన్నాను. పిల్ల నన్ను వింతగా చూసి గిన్నె అందుకుంది. రేపు మళ్ళీ వస్తానని చెప్పి వచ్చేశాను.